పాత సింథసైజర్‌ను లోపలి నుంచే తినేస్తున్న చిన్న బ్యాటరీ.. విశాఖ లాంటి తీర నగరాల్లో ముప్పెందుకు ఎక్కువ? బోర్డును కాపాడుకునేదెలా?

విశాఖపట్నం: పైకి చూస్తే అంతా బాగానే ఉంటుంది. స్విచ్ వేస్తే లైట్లు వెలుగుతాయి. కానీ ‘స’ నొక్కితే ఇంకేదో స్వరం పలుకుతుంది. ఒక మీట వదిలేసినా మోగుతూనే ఉంటుంది. దాచుకున్న టోన్లు వాటంతట అవే మారిపోతాయి. ‘పాతదైపోయింది, ఇక ఇంతే’ అని చాలామంది అటకెక్కించేస్తారు. అయితే 1980ల నాటి అనలాగ్ సింథసైజర్లలో చాలాసార్లు అసలు దోషి వయసు కాదు. బోర్డు మీద సోల్డర్ చేసి ఉన్న ఒక చిన్న బ్యాటరీ. అది లీకై రాగి ట్రాకులను కొద్దికొద్దిగా తినేస్తుంది. విశాఖ లాంటి సముద్ర తీర నగరంలో ఈ పని ఇంకా వేగంగా జరుగుతుంది. సకాలంలో గుర్తిస్తే మాత్రం బోర్డును చాలావరకు బతికించుకోవచ్చు.

ముఖ్యాంశాలు ఇవే..

• పాత సింథసైజర్లలో లీకయ్యేది ఎక్కువగా యాసిడ్ కాదు, క్షారం.
• లీకైన పదార్థం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. విశాఖలో అది ఆరే అవకాశం తక్కువ.
• వైట్ వెనిగర్, డిస్టిల్డ్ వాటర్, మల్టీమీటర్, సన్నని వైరు.. రిపేర్‌కు కావాల్సిన వాటిలో ఇవే ప్రధానం.
• పాత బ్యాటరీ స్థానంలో కాయిన్ సెల్ పెడితే డయోడ్ తప్పనిసరి.

అసలు సింథసైజర్‌లో బ్యాటరీ ఎందుకు?

మొదటి తరం సింథసైజర్లకు జ్ఞాపకశక్తి లేదు. వాయించే వ్యక్తి నాబ్‌లు తిప్పి ఒక టోన్ తయారు చేసుకుంటే, ఇంకో పాటకు మళ్లీ మొదటి నుంచి తిప్పుకోవాల్సిందే. 1978లో అమెరికాకు చెందిన సీక్వెన్షియల్ సర్క్యూట్స్ సంస్థ తెచ్చిన ప్రాఫెట్-5 ఈ తలనొప్పిని తగ్గించింది. తయారు చేసుకున్న టోన్లను మెమరీలో దాచుకుని, ఒక్క బటన్‌తో వెనక్కి తెచ్చుకునే వీలు కల్పించింది. ఆ తర్వాత 1981లో జపాన్ నుంచి 32 టోన్లు దాచుకునే కోర్గ్ పాలీసిక్స్, 1984లో 128 టోన్లు దాచుకునే రోలాండ్ జూనో-106 వచ్చాయి.

కాకపోతే అప్పటి మెమరీ చిప్‌లకు ఒక బలహీనత ఉంది. కరెంటు పోతే అందులోని సమాచారమంతా చెరిగిపోతుంది. అందుకే ప్లగ్ పీకేసినా చిప్‌కు కొద్దిపాటి కరెంటు అందేలా బోర్డు మీదే ఒక బ్యాటరీ పెట్టారు. కొన్ని మోడళ్లలో కాయిన్ సెల్ పెట్టారు. పాలీసిక్స్ లాంటి వాటిలో 3.6 వోల్టుల నికెల్-కాడ్మియం బ్యాటరీ వాడారు. దీన్నే టెక్నీషియన్లు నైకాడ్ అంటారు. వాయిద్యం ఆన్‌లో ఉన్నంతసేపు ఇది చార్జ్ అవుతుంది. కొన్నేళ్ల పాటు పని చేయడానికి పెట్టిన ఈ బ్యాటరీని ఆ తర్వాత చాలాచోట్ల ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు వాటి వయసు 40 ఏళ్లు దాటింది.

తెలుగు శ్రోతలకు ఈ వాయిద్యాల పేర్లు తెలియకపోవచ్చు. వాటి శబ్దం మాత్రం బాగా తెలుసు. 80వ దశకంలో దక్షిణాది సినిమా పాటల్లోకి సింథసైజర్ బలంగా వచ్చింది. ఉత్తరాంధ్రలోని సాలూరు ప్రాంతం నుంచి వెళ్లిన సంగీత దర్శకుడు సాలూరి రాజేశ్వరరావు కుమారుడు కోటి, రాజ్‌తో కలిసి తెలుగు పాటలకు కొత్త సౌండ్ తెచ్చారు. ఏ.ఆర్. రెహమాన్ సంగీత దర్శకుడు కాకముందు ఈ రాజ్-కోటి జంట దగ్గర కీబోర్డు వాయించారు. ఆ కాలం నాటి వాయిద్యాలు పాడైపోతే ఆ అసలు శబ్దాన్ని ఇచ్చే యంత్రాలు ఇంకొన్ని తగ్గిపోయినట్లే.

లీకయ్యేది యాసిడ్ కాదు!

‘బ్యాటరీ యాసిడ్ కారింది’ అనడం అందరికీ అలవాటు. కారు, ఇన్వర్టర్ బ్యాటరీల్లో ఉండేది సల్ఫ్యూరిక్ యాసిడే కాబట్టి ఆ మాట వచ్చింది. నైకాడ్ బ్యాటరీలో ఉండేది మాత్రం పొటాషియం హైడ్రాక్సైడ్. అది గట్టి క్షారం, అంటే యాసిడ్‌కు పూర్తిగా వ్యతిరేక గుణం ఉన్నది. ఈ తేడా తెలియకపోతే రిపేర్ మొదట్లోనే తప్పుతుంది. యాసిడ్ అనుకుని వంటసోడా పూస్తారు. క్షారం మీద ఇంకో క్షారం వేసినట్లవుతుంది. దానివల్ల ఉపయోగం ఉండదు.

బ్యాటరీ లోంచి బయటికొచ్చిన ఈ క్షారం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి పొటాషియం కార్బనేట్‌గా మారుతుంది. బ్యాటరీ చుట్టూ కనిపించే తెల్లటి పొడి ఎక్కువగా అదే. ఆ పక్కనే ఆకుపచ్చగా, నీలంగా కనిపించేది రాగి చిలుము. పాత రాగి చెంబుకు పట్టే చిలుము లాంటిదే ఇది కూడా. చెంబు మందంగా ఉంటుంది కాబట్టి తోమితే సరిపోతుంది. బోర్డు మీద రాగి ట్రాకు సాధారణంగా సుమారు మిల్లీమీటరులో ముప్పయ్యో వంతు మందమే ఉంటుంది. చిలుము పట్టిందంటే అక్కడ ట్రాకు కరిగిపోతున్నట్లే లెక్క.

ఇంకో సమస్య ఏంటంటే ఈ క్షారం కారిన చోటే ఆగదు. బోర్డు పైనున్న ఆకుపచ్చ పూత కిందకు దూరుతుంది. వైరు తొడుగు లోపల పాకుతూ పక్క బోర్డు దాకా వెళ్తుంది. ఐసీ సాకెట్ల కాళ్లలోకి ఎక్కుతుంది. అందుకే పైకి ఒక రూపాయి బిళ్లంత మచ్చ కనిపించినా, కింద జరిగిన నష్టం దానికి రెండు మూడు రెట్లు ఉండొచ్చు.

విశాఖలోనే ఎందుకు వేగం?

ఉక్కు నగరంలో తుప్పు గురించి కొత్తగా చెప్పాల్సిన పని లేదు. బీచ్ రోడ్డు పక్క ఇళ్లలో కిటికీ ఊచలు, ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు ఎంత త్వరగా పోతాయో నగరవాసులకు అనుభవమే. గాలి ఎంతగా లోహాన్ని తింటుందన్న దాన్ని బట్టి ప్రాంతాలను తరగతులుగా విభజించే ఐఎస్ఓ 9223 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. ఉప్పుగాలి ఎక్కువగా తగిలే తీరాలు, పరిశ్రమల వాయువులు కలిసే ప్రాంతాలు అందులో తీవ్రమైన తరగతుల వైపు వస్తాయి. విశాఖలో సముద్రం, పోర్టు, పరిశ్రమలు మూడూ పక్కపక్కనే ఉన్నాయి.

బ్యాటరీ లీకేజీ విషయంలో అసలు కీలకం తేమ. పొటాషియం కార్బనేట్‌కు తేమను లాక్కునే గుణం ఉంది. గాలిలో తేమ సుమారు 43 శాతం దాటితే చాలు.. అది నీటిని పీల్చుకుని తడిగా మారుతుంది. మామూలు ఉప్పు ఇలా కరగాలంటే తేమ 75 శాతం దాకా చేరాలి. అంటే వానాకాలంలో డబ్బాలో ఉప్పు చెమ్మగిల్లడానికి చాలా ముందే, బోర్డు మీది ఈ తెల్ల పొడి చెమ్మగిల్లుతుంది. విశాఖలో ఏడాదిలో చాలా రోజులు తేమ 43 శాతానికి పైనే ఉంటుంది. కాబట్టి ఇక్కడ ఆ పొడి పూర్తిగా ఆరదు. తడిగా ఉన్నంత కాలం ట్రాకులను తినే పని ఆగదు.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు కిటికీలు పగిలి ఉప్పుగాలి, వాన ఇళ్లలోకి దూసుకొచ్చిన సంగతి నగరంలో ఎవరూ మర్చిపోలేదు. అప్పట్లో తడిసి, ఆరబెట్టి, మళ్లీ మూత తెరవని ఏ ఎలక్ట్రానిక్ వాయిద్యమైనా ఒకసారి లోపల చూసుకోవడం మంచిది.

రేడియో పని చేస్తుంది.. సింథసైజర్ శ్రుతి తప్పుతుంది. ఎందుకలా?

అనలాగ్ సింథసైజర్లలో చాలా వాటిలో స్వర స్థాయిని నిర్ణయించేది వోల్టేజీ. ఎక్కువగా వాడే పద్ధతిలో ఒక్క వోల్టు పెరిగితే శబ్దం ఒక స్థాయి, అంటే పూర్తి ఆక్టేవ్ పైకి వెళ్తుంది. ఆక్టేవ్‌లో 12 స్వర స్థానాలు ఉంటాయి. కాబట్టి ఒక స్వర స్థానానికీ పక్కదానికీ మధ్య తేడా సుమారు 83 మిల్లీవోల్టులే. అందులో పదో వంతు, అంటే 8 మిల్లీవోల్టులు అటూ ఇటూ అయినా చెవి ఉన్నవాళ్లకు శ్రుతి తేడా తెలిసిపోతుంది.

పైగా ఈ వోల్టేజీలను చిన్న చిన్న కెపాసిటర్లలో క్షణకాలం నిలిపి ఉంచే పద్ధతిని చాలా మోడళ్లలో వాడారు. బోర్డు మీద తడి పొర ఉంటే ఆ కొద్దిపాటి చార్జ్ దాని గుండా జారిపోతుంది. ట్రాకు తెగకపోయినా సరే.. స్వరం జారుతుంది, ఫిల్టర్ దానంతటదే మూసుకుంటుంది. ‘ట్యూనింగ్ పోయింది’ అని లోపలి ప్రీసెట్ స్క్రూలు తిప్పేస్తే పరిస్థితి ఇంకా జటిలమవుతుంది. ముందు బోర్డు శుభ్రం కావాలి. ట్యూనింగ్ ఆఖర్న.

పాలీసిక్స్‌లో బ్యాటరీ ఉన్న బోర్డు పేరు కేఎల్ఎం-367. మెమరీ, మీటలను చదివే పని, సెట్టింగుల లెక్కలు దీని మీదే ఉంటాయి. అందుకే అక్కడ లీకైతే మొత్తం వాయిద్యమే తికమకపడుతుంది. ప్రపంచవ్యాప్తంగా సింథసైజర్ టెక్నీషియన్లు పాలీసిక్స్ వస్తే ముందు ఈ బోర్డే తీసి చూస్తారు. పూర్తిగా పాడైన కేసుల కోసం దీనికి బదులుగా వేసే కొత్త బోర్డులు కూడా మార్కెట్లోకి వచ్చాయి.

ఎలా గుర్తించాలి?

ముందుగా ప్లగ్ పూర్తిగా తీసేయాలి. పవర్ సప్లై కెపాసిటర్లలో చార్జ్ మిగిలి ఉంటుంది కాబట్టి కొంతసేపు ఆగాలి. ఆ వైపు చేతులు పెట్టకూడదు. మూత తెరిచాక టార్చ్ వెలుగులో ఇవి చూడాలి..

• బ్యాటరీ రెండు చివర్ల దగ్గర, ముఖ్యంగా మైనస్ వైపు, తెల్ల పొడి
• చుట్టుపక్కల ట్రాకులు నల్లబడటం, ఆకుపచ్చ పూత ఉబ్బడం
• సోల్డర్ చుక్కలు మెరుపు తగ్గి బూడిద రంగులోకి మారడం
• ఐసీ కాళ్లకు, జంపర్ వైర్లకు చిలుము

పొడి కనిపించకపోయినా పాత నైకాడ్ బ్యాటరీ ఉంటే దాన్ని అలాగే ఉంచడం రిస్కే. ఇవాళ లీకవ్వనిది వచ్చే ఏడాది లీకవ్వదన్న గ్యారంటీ లేదు.

టోన్లు పోతాయన్న భయం ఉంటే ముందు బ్యాకప్ తీసుకోవచ్చు. పాలీసిక్స్, జూనో-106 లాంటి వాటిలో క్యాసెట్‌లోకి డేటా పంపే సాకెట్ ఉంటుంది. ఆ శబ్దాన్ని కంప్యూటర్‌లో వేవ్ ఫైలుగా రికార్డు చేసుకుంటే చాలు. ఎంపీ3గా మార్చితే డేటా దెబ్బతినొచ్చు. బ్యాటరీ అప్పటికే కారుతుంటే మాత్రం టోన్ల కోసం రోజులు ఆగొద్దు. టోన్లు మళ్లీ చేసుకోవచ్చు. బోర్డు అంత తేలిగ్గా దొరకదు.

రిపేర్.. ఒక్కో అడుగు

ఇది మొబైల్ బోర్డుల మీద జంపర్లు వేసే అనుభవమున్న మెకానిక్‌కు చేతనైన పనే. సోల్డరింగ్ అలవాటు లేనివాళ్లు బ్యాటరీ తీయించి, మిగతాది తెలిసినవాళ్లకు అప్పగించడం మేలు.

1. చేతి తొడుగులు, కళ్లద్దాలు పెట్టుకోవాలి. పొటాషియం హైడ్రాక్సైడ్ చర్మాన్ని, కళ్లను కాల్చేస్తుంది. కాడ్మియం క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం తేల్చింది. పొడిని నోటితో ఊదకూడదు.

2. బ్యాటరీ కాళ్లను కట్ చేసి తీసేయాలి. బోర్డును ఫొటోలు తీసుకుని, వైర్లకు గుర్తులు పెట్టుకుని బయటకు తీయాలి.

3. వైట్ వెనిగర్‌ను ఇయర్ బడ్‌తో మచ్చల మీద అద్దాలి. బుడగలు వస్తాయి. కార్బనేట్ విరుగుతోందని దానర్థం. బుడగలు ఆగేదాకా రెండు మూడు సార్లు చేయాలి. చింతపండుతో రాగి చెంబు తోమినప్పుడు జరిగేది ఇలాంటిదే. అలాగని బోర్డు మీద చింతపండు, నిమ్మరసం వాడొద్దు. వాటిలోని చక్కెర, పీచు మిగిలిపోయి మళ్లీ చెమ్మ పడతాయి. స్లైడర్లు, నాబ్‌లు, మీటల కింది రబ్బరు కాంటాక్టుల్లోకి వెనిగర్ వెళ్లకుండా చూసుకోవాలి.

4. వెనిగర్ కూడా యాసిడే కాబట్టి దాన్నీ పూర్తిగా కడిగేయాలి. కుళాయి నీళ్లు వద్దు. ఇన్వర్టర్ బ్యాటరీల్లో పోయడానికి అమ్మే డిస్టిల్డ్ వాటర్ సరిపోతుంది. తర్వాత మొబైల్ షాపుల్లో వాడే ఐపీఏతో మెత్తటి బ్రష్ పెట్టి తుడిచి, ఫ్యాన్ గాలికి ఒక రోజంతా ఆరబెట్టాలి.

5. నల్లబడిన ట్రాకుల మీది పూతను మెల్లగా గీకి, మెరిసే రాగి కనిపించేదాకా వెళ్లాలి. నల్ల రాగికి సోల్డర్ పట్టదు. పాడైన సోల్డర్ కూడా కరగడానికి మొరాయిస్తుంది. ఫ్లక్స్ రాసి, కొత్త సోల్డర్ కలిపి కరిగించి, మొత్తం లాగేసి మళ్లీ వేయాలి. ఎక్కువ వేడి పెడితే పాత బోర్డుల్లో ట్రాకు లేచి వస్తుంది. జాగ్రత్త.

6. మల్టీమీటర్ బీప్ మోడ్‌లో పెట్టి, సర్వీస్ మాన్యువల్‌లోని సర్క్యూట్ చూస్తూ ప్రతి ట్రాకునూ చెక్ చేయాలి. రెండు కొసల మధ్య బీప్ వస్తే సరిపోదు. పక్క ట్రాకుతో బీప్ రాకూడదు కూడా. కంటికి కనిపించని రంధ్రాల లోపలి పూత తినేసి ఉంటే ఈ పరీక్షలోనే దొరుకుతుంది.

7. తెగిన చోట సన్నని ఇన్సులేటెడ్ వైరుతో జంపర్ వేయాలి. చిలుము పట్టిన ఐసీ సాకెట్లను కడిగి వదిలేయకుండా మార్చేయాలి. బ్యాటరీకి కలిపిన వైరు లోపల రాగి నల్లగా ఉంటే ఆ వైరు కూడా మార్చాల్సిందే.

8. అంతా పని చేస్తోందని తేలాక, గీకిన ప్రాంతం మీద రక్షణ పూత వేయాలి. సముద్ర తీరంలో ఈ చివరి పని వదిలేస్తే రాగికి మళ్లీ చిలుము పడుతుంది. ట్యూనింగ్ దీని తర్వాతే.

కొత్త బ్యాటరీ పెట్టేటప్పుడు ఈ తప్పు చేయొద్దు!

బోర్డును బాగు చేసి మళ్లీ నైకాడ్ బ్యాటరీనే సోల్డర్ చేస్తే సమస్యను కొన్నేళ్లు వాయిదా వేసినట్లే. ఎక్కువ మంది టెక్నీషియన్లు దాని స్థానంలో 3 వోల్టుల సీఆర్2032 కాయిన్ సెల్‌ను హోల్డర్‌లో పెడతారు. ఇక్కడే ప్రమాదం ఉంది. పాత సర్క్యూట్ బ్యాటరీని చార్జ్ చేసేలా తయారైంది. కాయిన్ సెల్‌ను చార్జ్ చేయకూడదు. చేస్తే ఉబ్బి పగలొచ్చు, మంటలు కూడా రావొచ్చు.

కాబట్టి బ్యాటరీ నుంచి బోర్డు వైపు మాత్రమే కరెంటు వెళ్లేలా మధ్యలో ఒక డయోడ్ వేయాలి. లేదా చార్జింగ్ ఇచ్చే రెసిస్టర్‌ను తీసేయాలి. రెండూ చేస్తే మరీ మంచిది. షాట్కీ రకం డయోడ్ అయితే పోయేది 0.3 వోల్టుల లోపే. మిగిలిన వోల్టేజీ అప్పటి మెమరీ చిప్‌లకు సాధారణంగా సరిపోతుంది. హోల్డర్‌ను బోర్డు మీద కాకుండా, వైరుతో దూరంగా బాడీకి అంటిస్తే ఇంకో లాభం ఉంది. రేపు ఎప్పుడైనా లీకైనా బోర్డు మీద పడదు. మార్చిన తేదీని ఒక స్టిక్కర్ మీద రాసి లోపల అంటించడం మర్చిపోవద్దు.

జపాన్ మార్కెట్ కోసం చేసిన సింథసైజర్లు 100 వోల్టులతో నడుస్తాయి. రిపేర్ బాగా చేసి, ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా నేరుగా మన 230 వోల్టుల ప్లగ్‌లో పెడితే పడ్డ కష్టమంతా వృథానే. వెనకాల ఉన్న లేబుల్ చదివాకే స్విచ్ వేయాలి.

అన్ని బ్యాటరీలకూ ఒకే మందు కాదు

ఇంట్లో పిల్లలు వాయించే మామూలు కీబోర్డులకూ ఈ ముప్పు ఉంది. వాటిలో వేసే పెద్ద సెల్స్ ఏళ్ల తరబడి అలాగే వదిలేస్తే కారతాయి. అయితే ఏది కారిందన్న దాన్ని బట్టి శుభ్రం చేసే పద్ధతి మారుతుంది.

• ఆల్కలైన్ సెల్స్, నైకాడ్ బ్యాటరీలు: లోపలిది క్షారం. వైట్ వెనిగర్ వాడాలి.
• చవకగా దొరికే మామూలు జింక్ సెల్స్: లోపలిది కొద్దిగా యాసిడ్ గుణం ఉన్న లవణం. నీళ్లలో కలిపిన వంటసోడాతో తుడిచి, తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో కడగాలి.
• లిథియం కాయిన్ సెల్స్: ఇవి కారడం తక్కువ. కారితే సెల్ తీసి ఐపీఏతో తుడవాలి.

వాయిద్యాన్ని నెల రోజులకు మించి వాడకపోతే సెల్స్ తీసి పక్కన పెట్టడమే అన్నిటికంటే చవకైన జాగ్రత్త.

తీసిన బ్యాటరీని ఏం చేయాలి?

చెత్తబుట్టలో వేయొద్దు. కాల్చొద్దు. నైకాడ్ బ్యాటరీలోని కాడ్మియం మట్టిలోకి, నీటిలోకి చేరితే అక్కడే ఉండిపోతుంది. 2022 ఆగస్టులో కేంద్రం నోటిఫై చేసిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను ఇంటి చెత్తతో కలపకుండా విడిగా సేకరణకు ఇవ్వాలి. అప్పటిదాకా ప్లాస్టిక్ డబ్బాలో మూతపెట్టి, పిల్లలకు అందకుండా ఉంచాలి.

చివరిగా చెప్పేదేంటంటే.. లీకైన బోర్డును బతికించడానికి రోజులు పడుతుంది. లీకవ్వకముందే బ్యాటరీ తీయించడానికి అరగంట చాలు. అటక మీదో, చర్చి గదిలోనో, ఆర్కెస్ట్రా సామాన్ల మధ్యో పాత సింథసైజర్ ఉన్నవాళ్లు దాన్ని వాయిస్తున్నారా లేదా అన్నది పక్కనపెట్టి, వచ్చే వానాకాలం తేమ పెరిగేలోపే మూత తెరిచి ఒకసారి చూసుకోవడం మంచిది.